ఏయ్ అంటే రాని బొమ్మ

పౌర వినోద మండలి అని ప్రభుత్వానికి ఒక సంస్థ ఉండేదని చాలామందికి తెలియదు. అందులో ఉద్యోగం చేసినవాళ్లలోనే కొందరికి నమ్మకం ఉండేది కాదు. జీతం వచ్చిన రోజు మాత్రం నమ్మేవాళ్లు.

ఆ మండలిలో సూపరింటెండెంటు లెంక పోలినాయుడు. విజయనగరం అవతల పల్లెటూరి బడిలో చదువుకుని, గుమాస్తాగా చేరి, పైవాళ్లు ఒక్కొక్కరే రిటైరవుతుంటే ఖాళీ అయిన కుర్చీల్లోకి జరుగుతూ అక్కడిదాకా వచ్చాడు. ఎదిగానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. జరిగానని అనుకునేవాడు. భార్య పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. ఇంట్లో మాట్లాడే వస్తువు రేడియో ఒక్కటే. అది కూడా ఆయన చెప్పేది వినదు.

అలాంటి మండలికి ఒకసారి ఉత్సాహం పుట్టింది. మంత్రిగారు రైల్లో వస్తూ ఎదురు సీట్లో ఒక పిల్లని చూశారు. పిల్ల చేతిలో అరచేయంత ఆటపెట్టె ఉంది. విశాఖపట్నం నుంచి రాజమండ్రి దాకా ఆ పిల్ల తలెత్తలేదు, నోరెత్తలేదు, ఎవర్నీ ఏదీ అడగలేదు. ఏదీ అడక్కుండా కూర్చున్న పౌరుణ్ణి మంత్రిగారు తన రాజకీయ జీవితంలో అంతకుముందు చూసి ఉండలేదు. రైలు దిగగానే ఉత్తర్వు వేశారు. ఇంటింటికీ ఇలాంటి పెట్టె ఇవ్వాలి.

అందులో ఏ ఆట ఉండాలన్నది డైరెక్టర్ అనంతపద్మనాభం గారు తేల్చారు. ఆయన మామూలు మాటల్లో మాట్లాడగా ఎవరూ వినలేదు. ఇంట్లో మంచినీళ్లు కూడా తగు చర్య నిమిత్తం అడుగుతారని చెప్పుకునేవాళ్లు.

"వినోదము ద్వారా వినయము. ఇదీ మన ధ్యేయము," అన్నారు ఆయన సమావేశంలో. "మన ప్రజలకు ప్రధానమైన లోపము ఏది? వరుసలో నిలబడలేకపోవుట. కావున పౌరుడు స్వగృహమందే కూర్చుని వరుసలో నిలబడుటను అభ్యసించు విధముగా ఆట రూపొందించవలెను."

ఆట పేరు 'వరుసలో మనం' అని పెట్టారు. పెట్టెలో ఒక బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ మనమే. మన ముఖం, మన పేరు దానికి పెట్టుకోవచ్చు. అది పొద్దున్నే లేచి ఇంటిపని చేసుకుని, ఆఫీసుకి వెళ్లి, వరుసలో నిలబడి, కిటికీ దగ్గరికి చేరాలి. చేరితే గెలిచినట్టు.

ఆట తయారుచేసే కంపెనీ నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది. చేతిలో కంప్యూటరు, ముఖంలో ఇంకా వాడని ఆశ. ముందుగా నమూనా బొమ్మ ఒకటి కావాలంది. మామూలు మనిషి రోజంతా ఏం చేస్తాడో, ఎలా నడుస్తాడో చెబితే అది అచ్చుగా పెట్టుకుంటారట. ఆ తర్వాత దాని మీద ఎవరి అలవాట్లు వాళ్లు దిద్దుకోవచ్చట.

డైరెక్టర్ గారు ఆఫీసంతా కలియజూశారు. అందరికంటే మామూలుగా ఉన్న మనిషి కోసం వెతికిన ఆయన చూపు పోలినాయుడి దగ్గర ఆగింది. కమిటీలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. మండలి చరిత్రలో ఏకగ్రీవంగా జరిగిన నిర్ణయం అదొక్కటే. దానికి పోలినాయుడు కూడా చెయ్యెత్తాడు.

"చెప్పండి నాయుడు గారూ," అంది హిమజ. "పొద్దున్నే లేచి ఏం చేస్తారు?"

"కుర్చీలో కూర్చుంటాను."

"తర్వాత?"

"ఆఫీసుకొస్తాను."

"వచ్చి?"

"కుర్చీలో కూర్చుంటాను."

"సాయంత్రం ఇంటికెళ్లాక?"

పోలినాయుడు కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "ఇంట్లోది పడక్కుర్చీ అమ్మా."

హిమజ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "ఇలాగైతే బొమ్మ కదలదండీ. కదలని బొమ్మతో ఎవరాడతారు? మీ ఇంట్లో కదిలే మనిషి ఎవరూ లేరా?"

"ఉండేది," అన్నాడు పోలినాయుడు.

అలా మొదలైంది. ఆయన లోకంలో పరీక్షగా చూసిన మనిషి ఒక్కతే. అదైనా పడక్కుర్చీలో కూర్చుని చూశాడు. కానీ బాగా చూశాడు.

"పని మొదలెట్టే ముందు కొంగు లాగి ఎడం పక్క నడుముకి దోపుతుంది. పోట్లాటకీ అంతే. పనికి దోపిందో పోట్లాటకి దోపిందో ముందు తెలీదు. మనం కాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చోవాలి. రేపు చేస్తాను అన్నామనుకో, ముక్కుతో నవ్వుతుంది. ఎవరైనా మాట సాగదీస్తే చాట తీసుకుని పెరట్లోకి పోతుంది."

"చాటలో ఏముంటుందండీ?"

"ఏమీ ఉండదు. ఉత్త చాటే చెరుగుతుంది."

హిమజ నవ్వుతూ టైపు చేసుకుంది. "పిలిస్తే వస్తుందా?"

"ఏయ్ అంటే రాదు. ఒకసారి అడిగాను, చెవుడేటి నీకని. 'గేదెనీ అలాగే పిలుస్తారు. ఎవరు రావాలో తెలీక ఆగాను' అంది."

"మరెలా పిలవాలి?"

"పేరు పెట్టి. వాళ్లప్ప, అదే వాళ్లక్క, వచ్చి వీధిలోంచి పేరు పెట్టి పిలిస్తే, పొయ్యిమీద కూర పొయ్యిమీదే వదిలేసి వచ్చేది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ."

"మీరు పిలిచినా అలాగే వచ్చేవారా?"

"నేనెప్పుడూ పిలవలేదు."

"అయ్యో! ఇంతకీ పేరేంటండీ?"

పోలినాయుడు బల్లమీద పేపర్‌వెయిటు ఒకసారి తిప్పాడు. తర్వాత హిమజ కంప్యూటరు తనవైపు లాక్కుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని ఒంటివేలితో కొట్టాడు. అప్పలనరసమ్మ.

వాళ్ల ఊళ్లో మొగుడు పెళ్లాం పేరు పలకడు. పలికితే ఆమె ఆయుష్షు తరుగుతుందంటారు. జనాభా లెక్కల మనిషి ఇంటావిడ పేరడిగితే పోలినాయుడు పక్కింటాయన్ని పిలిచి చెప్పించాడు. ఆస్పత్రిలో నర్సు అడిగితే రాసి చూపించాడు. కాపురమంతా నోరు కట్టుకుని కాపాడిన ఆయుష్షు అది. యాభై దాటకుండానే అయిపోయింది. ఆమె పోయాక కూడా ఆయన నియమం తప్పలేదు. ఇంకెవరి ఆయుష్షు కోసమో ఆయన్నే అడగాలి. అడిగేవాళ్లు లేరు.

కొన్నాళ్లకి హిమజ నమూనా పెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అద్దం వెనకాల బొటనవేలంత బొమ్మ. ముఖం ఇంకా పెట్టలేదు, గుండ్రంగా, ఉత్తగా ఉంది. ముఖం అక్కర్లేకపోయింది. అది కొంగు లాగి ఎడం పక్క నడుముకి దోపేసరికి పోలినాయుడు కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు.

పెట్టెకి మాట వినే చిల్లు ఉంది. నోటి దగ్గర పెట్టుకుని, "ఏయ్," అన్నాడు.

బొమ్మ వినిపించుకోకుండా అంట్లు తోముతోంది.

"అచ్చం ఇలాగే అమ్మా," అన్నాడు. ఆ రోజు ఆయన ఫైళ్లేవీ కదల్లేదు. మామూలుగా కూడా కదలవు కాబట్టి ఎవరూ గమనించలేదు.

పెట్టెలు తయారై గోడౌనుకి చేరాక పథకం రద్దయింది. కిటికీ దగ్గర చిక్కొచ్చింది. వరుస చివర కిటికీలో ఏ హోదా అధికారి బొమ్మ కూర్చోవాలి? జాయింట్ డైరెక్టరు కూర్చుంటే అడిషనల్ డైరెక్టరుకి అవమానం. అడిషనల్ కూర్చుంటే డైరెక్టరు ఎక్కడ కూర్చోవాలి? తేలేదాకా కిటికీ మూసి ఉంచమన్నారు. అందువల్ల ఆటలో ఎవరెంత సేపు నిలబడినా కిటికీ తెరుచుకోదు. ఆడిట్ వాళ్లు ఆడి చూసి అభ్యంతరం రాశారు. 'గెలుపు లేనిది ఆట కానేరదు. ఇది వాస్తవము. వాస్తవమును ప్రజలకు పంపిణీ చేయు అధికారము వినోద మండలికి లేదు.'

రద్దయిన పెట్టెలన్నీ రోడ్డు రోలరుతో తొక్కించాలని ఉత్తర్వు డ్రాఫ్టు చేసింది పోలినాయుడే. మంచి డ్రాఫ్టు. క్రియ ఎక్కడుందో దొరక్కుండా పేజీన్నర నడిచింది. సంతకాలన్నీ అయ్యాక గానీ తాను రాసింది దేని గురించో ఆయనకి తట్టలేదు. అప్పుడు డైరెక్టర్ గారి గదికి వెళ్లాడు.

"నమూనా పెట్టె ఒక్కటి నాకు ఇప్పించండి సార్."

"ఏ పెట్టె నాయుడు గారూ?"

"వరుసలో మనం ఆటది సార్."

"రద్దయిన పథకమునందు పెట్టెలుండవు. లేని వస్తువు మీకు ఏ విధముగా ఇచ్చెదను?"

"మరి రోలరు దేన్ని తొక్కుతాది సార్?"

"లేనివాటిని. లేనివి ఉండరాదు కదా! మూడో పేరాలో మీరే రాసినారు. చాలా స్పష్టముగా ఉన్నది."

రోలరుకి పసుపు రాసి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. హారతి పళ్లెం పట్టుకునే పని సూపరింటెండెంటుది. పట్టుకున్నాడు. పెట్టెలు పటపటమన్నాయి. ఫొటోలో ఆయన పడ్డాడు. పళ్లెం వంకరగా ఉందని తర్వాత మెమో కూడా వచ్చింది.

ఆ మెమోకి జవాబు ఇచ్చేలోపే రిటైరయ్యాడు.

అయితే రోలరు కిందికి రానిది ఒకటి మిగిలిపోయింది. కంపెనీ కంప్యూటర్లో ఉన్న అచ్చు. రద్దయిన పథకంలో మిగిలింది ఏదైనా కొత్త పథకంలో వాడి తీరాలని ఒక నిబంధన ఉంది. పాత వంతెన కోసం తెచ్చిన ఇనుముతో బడిపిల్లలకి బల్లలు చేయించిన నిబంధన అదే. ఆ బల్లలు కదపాలంటే ఇప్పటికీ క్రేను కావాలి. అందుకని కొన్నాళ్లకి 'ప్రతిరూపం' అనే పెద్ద పథకం వచ్చినప్పుడు దాన్ని ఆ అచ్చు మీదే కట్టారు.

ప్రతిరూపం అంటే ఇదీ. ప్రతి పౌరుడికీ ఒక బొమ్మ. ఆఫీసుల్లో గోడంత తెర. పౌరుడి బదులు ఆయన బొమ్మ ఆ తెరమీద వరుసలో నిలబడుతుంది. గుమాస్తా పిలవగానే వచ్చి పని చేయించుకుంటుంది. బొమ్మ సరిగ్గా నిలబడిందో లేదో చూసుకోడానికి పౌరుడు కూడా వచ్చి పక్కన నిలబడాలి. అంతకు తప్ప ఆయనకి ఏ శ్రమా లేదు.

నమూనా అలవాట్ల మీద ఎవరి అలవాట్లు వాళ్లు దిద్దుకోవాలి కదా, ఆ దిద్దుబాటు చేయాల్సింది వినోద మండలి కమిటీ. పథకం వెనకాలే ఆ మండలీ రద్దయింది. కాబట్టి దిద్దలేదు. పైన ముఖాలు మారాయి, పేర్లు మారాయి. కింద మనిషి మారలేదు. రాష్ట్రంలో ఉన్న బొమ్మలన్నీ అప్పలనరసమ్మలాగే నడిచాయి.

ఆ అచ్చునే ప్రైవేటు కంపెనీలు కూడా కొనుక్కున్నాయి. ఆ తర్వాత వచ్చిన బొమ్మల ఆటలన్నీ అందులోంచి పుట్టినవే. పిల్లల ఫోన్లలో రాక్షసుల్ని చంపే వీరుడు కత్తి దూసేముందు లేని కొంగు లాగి నడుముకి దోపుకునేవాడు. రాక్షసుడు తన బలపరాక్రమాలు చెప్పుకోడం మొదలెడితే చాట తీసుకుని పెరట్లోకి పోయేవాడు. ఇది చాలా కొత్త ఊహ అని పేపర్లలో రాశారు.

పోలినాయుడికి ఇదంతా పెన్షన్ తనిఖీకి వెళ్లిన రోజున తెలిసింది. తెరమీద ఆయన బొమ్మ వచ్చింది. బట్టతల, మీసం, చొక్కా. చొక్కా మీద లేని కొంగు లాగి ఎడం పక్క దోపింది. ఆయన చేతిసంచి కింద పడింది. ఆ పక్కన ఉన్న బొమ్మా అలాగే దోపింది. తాసిల్దారు బొమ్మా, కోడిగుడ్ల వ్యాపారి బొమ్మా, పోలీసు బొమ్మా. గోడ పొడవునా ఆవిడే. ఎవరి ముఖమో తగిలించుకుని, ఎవరి వరుసలోనో నిలబడి.

"సంచి తీసుకో బాబూ," అన్నాడు అటెండరు ఎర్రయ్య. మండలి పోయాక అతన్ని ఇక్కడ వేశారు. "తనిఖీకి రా. బొమ్మ ఎలా నడిస్తే నువ్వూ అలాగే నడవాలి. కలవకపోతే దొంగ మనిషి కింద లెక్క."

"బొమ్మ నన్ను చూసి చేసింది కదరా? అది నాలా నడవాలి గానీ..."

"రికార్డులో ఉన్నది బొమ్మ. నువ్వు కావు. నువ్వెవరివో మాకేటి తెలుసు? నడు."

పోలినాయుడు తనలాగే నడిచాడు. తెర మీద ఎర్రగా వెలిగింది. కలవలేదు.

"కొంగు దోపాలి బాబూ," అన్నాడు ఎర్రయ్య. అందరికీ నేర్పి నేర్పి అతనికి విసుగొచ్చింది. భుజాన తువ్వాలు లాగి దోపి చూపించాడు. "ఇదిగో, ఇలా. దోపి, మెడ కొంచెం వాల్చి, ఇల్లా నాలుగడుగులు. పొద్దున కలెక్టరాఫీసు పెద్ద గుమాస్తా ఎంత బాగా నడిచాడో! సిగ్గుపడితే పెన్షన్ రాదు."

"ఎడం పక్కరా. నువ్వు కుడిపక్క దోపుతున్నావు."

"ఏ పక్కయితే ఏటి?"

"ఎడం పక్క," అన్నాడు పోలినాయుడు కోపంగా. ఎర్రయ్య తువ్వాలు తీసుకుని నడుముకి దోపాడు. మెడ వాల్చాడు. నడిచాడు. కాపురమంతా కుర్చీలోంచి చూసిన నడక. చూడ్డమే గానీ ఆ నడక ఎంత బరువో అప్పటిదాకా తెలీదు. మోకాళ్లు పట్టేశాయి. తెర మీద పచ్చగా వెలిగింది. వరుసలో వాళ్లు చప్పట్లు కొట్టారు.

"పెద్దాయన బాగా కష్టపడ్డాడు," అన్నాడు ఎవడో.

నడక కలిసింది గానీ పెన్షన్ రాలేదు. గుమాస్తా పిలిస్తే బొమ్మ కిటికీ దగ్గరికి రావాలి. గుమాస్తాలు వాళ్లకి అలవాటైన రెండు పిలుపుల్లో ఒకటి వాడారు. ఒకటి ఏయ్. రెండోది, ఏయ్ నిన్నే. బొమ్మలు రాలేదు. ఏ ఆఫీసులోనూ, ఏ బొమ్మా రాలేదు. రేషన్లు ఆగాయి. పెన్షన్లు ఆగాయి. ఆస్పత్రి చీటీలు ఆగాయి. బొమ్మల పక్కన మనుషులు ఎండలో నిలబడి ఉన్నారు.

ప్రభుత్వం మొదట బొమ్మలకి సంజాయిషీ నోటీసులిచ్చింది. తర్వాత బొమ్మలకి శిక్షణ తరగతులు పెట్టింది. శిక్షకుడు పాఠం మొదలెట్టగానే అవి చాటలు తీసుకుని వెళ్లిపోయాయి. ప్రతిరూపం కమిషనరుగా పదోన్నతి మీద వచ్చిన అనంతపద్మనాభం గారు ఆఖరికి సమీక్షా సమావేశం పెట్టించారు. మంత్రిగారు వచ్చారు. నమూనా ఇచ్చిన మనిషిగా పోలినాయుణ్ణి పిలిపించారు. గోడంత తెర కింద, కంప్యూటరు ముందు హిమజ కూర్చుని ఉంది. ముఖంలో ఆశ వాడిపోయింది.

"నాయుడు గారూ, బాగున్నారా?" అని గొంతు తగ్గించింది. "పేరు పెట్టి పిలిస్తే వస్తాయని కమిషనర్ గారికి చెప్పానండీ. పైన పేర్లు మారినా, లోపల పిలుపు ఆంటీ పేరే. గౌరవనీయ మంత్రివర్యుల ప్రతిరూపాన్ని పరాయి మహిళ పేరుతో పిలవడం మర్యాద కాదన్నారు. నన్ను సమావేశంలో నోరెత్తొద్దన్నారు. బయటి కంపెనీ మనిషినట."

మంత్రిగారు లేచారు. తెరమీద బొమ్మలు వరుసగా నిలబడి ఉన్నాయి. మొదటి బొమ్మ మంత్రిగారిదే, కండువాతో. ఆయన వాటిని చూసి ముచ్చటపడి, వాటితోనే మాట్లాడటం మొదలెట్టారు. ప్రభుత్వం ప్రజల వద్దకు ఏ విధంగా నడిచి వస్తోందో చెప్పారు. తాము రైల్లో చూసిన పిల్ల సంగతి చెప్పారు. పిల్ల సంగతి రెండోసారి చెబుతుండగా తెర ఖాళీ అయింది.

"వీళ్లందరూ ఏరీ?"

"పెరట్లోకి వెళ్లినారు సార్," అన్నారు కమిషనర్ గారు.

"ఎవరి పెరడయ్యా?"

"అది రెవెన్యూ శాఖ పరిధి సార్. వారి అభిప్రాయము కోరెదము."

"నా బొమ్మో?"

కమిషనర్ గారు నేలచూపులు చూశారు. "తమరి ప్రతిరూపము చాట తీసుకుని ముందుగా వెళ్లినది సార్."

మంత్రిగారి ముఖం కందగడ్డయింది. అది చూసి కమిషనర్ గారు పోలినాయుడి ముందు కాగితం, కాగితం మీద పెన్ను పెట్టారు. "మూల ప్రవర్తన తుడిచివేత ఉత్తర్వు. నమూనా ఇచ్చినవారి సమ్మతి అవసరము. సంతకము చేయుడు. బొమ్మలన్నియు శుభ్రమగును. పిలిచిన వచ్చును, చెప్పిన వినును."

పోలినాయుడు చదివాడు. క్రియ ఎక్కడుందో దొరకలేదు. తన డ్రాఫ్టే. రోలరు ఉత్తర్వులో 'పెట్టెలు' ఉన్నచోట 'ప్రవర్తన' అని దిద్దారు. ఈసారి అర్థమవడానికి సంతకాలు అయ్యేదాకా ఆగనక్కర్లేకపోయింది.

సంతకం చేస్తే ఆవిడ ఇంకోసారి పోతుంది. చెయ్యకపోతే బయట ఎండలో ఉన్నవాళ్లు అలాగే ఉంటారు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నారు. తువ్వాళ్లు ఎడం పక్క దోపుకుని, మెడలు వాల్చి, ఎక్కడ దొంగ మనుషులైపోతామోనని అలాగే బిగుసుకుని నిలబడ్డారు. అందరికంటే మామూలు మనిషిగా ఏకగ్రీవంగా ఎన్నికైనవాడు పోలినాయుడు. చేతిలో పెన్ను. ఆయన జీవితంలో పెట్టమన్నచోట సంతకం పెట్టని రోజు లేదు.

పెన్ను కిందపెట్టి, తెర దగ్గరికి వెళ్లాడు. మాట వినే చిల్లు కోసం వంగాడు.

"ఏయ్," అన్నాడు. నోటికి వచ్చింది అదే.

పెరట్లోంచి చాటల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"నాయుడు గారూ, సమయము వృథా..."

పోలినాయుడు అటు తిరగలేదు. పలకాల్సింది నాలుక మీదికి వచ్చి ఆగింది. ఇంకెవరి ఆయుష్షు తరుగుతుందిరా వెధవా, అని తనని తానే తిట్టుకున్నాడు.

"అప్పలనరసమ్మా!"

సగం గొంతే వచ్చింది. అయినా చాట చప్పుడు ఆగింది. తర్వాత గోడ పొడవునా, తెర ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బొమ్మలు వచ్చాయి. పరుగులాంటి నడకతో, చేతులు లేని కొంగుకి తుడుచుకుంటూ. తాసిల్దార్లు, పోలీసులు, కోడిగుడ్ల వ్యాపారులు, అందరికంటే ముందు కండువాతో మంత్రిగారు. అద్దం దగ్గర ఆగి, పోలినాయుణ్ణి చూసి, అన్నీ ఒక్కసారే గడ్డం ఎగరేశాయి. ఏటి? అన్నట్టు.

పిలిచి ఏం చెప్పాలో ఆయన ఆలోచించుకోలేదు.

అలా నిలబడిపోయాడు. బొమ్మలు కూడా నిలబడ్డాయి. హిమజ కంప్యూటరు వెనక్కి తల దించుకుంది.

"అద్భుతము!" అన్నారు కమిషనర్ గారు. "పిలుపునకు ప్రతిస్పందన లభించినది. సార్, ఇక తుడిచివేత అవసరము లేదు. బొమ్మలు సరిగానే ఉన్నవి. లోపము పౌరులలో ఉన్నది. వారి పేర్లు వేరుగా ఉన్నవి."

"అయితే?" అన్నారు మంత్రిగారు.

"మార్చెదము సార్."

"నాదీనా?"

"ప్రజాస్వామ్యమునందు అందరూ సమానులే కదా సార్. తమరికి ముందు 'గౌరవనీయ' అని చేర్చెదము."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'ప్రభుత్వ కార్యాలయములందు సమస్త పౌరులును, లింగ వయో భేదము లేకుండ, అప్పలనరసమ్మ అని వ్యవహరింపబడుదురు. ఇతర పేర్లు ఇంటివద్ద వాడుకొనవచ్చును.' డ్రాఫ్టు బాగుందని పోలినాయుడు ఒప్పుకున్నాడు. క్రియ దొరికింది.

బొమ్మలు కిటికీలకి రావడం మొదలెట్టాయి. పోలినాయుడు కూడా పెన్షన్ కోసం వెళ్లి బల్లమీద కూర్చున్నాడు. ఆయనకి అటుపక్క మీసాల ఆసామి, ఇటుపక్క పంతులుగారు. తువ్వాళ్లన్నీ ఎడం పక్కనే ఉన్నాయి.

కిటికీలో కొత్త గుమాస్తా తల బయటపెట్టాడు. "అప్పలనరసమ్మ!"

హాలంతా లేచి నిలబడింది.

"అందరూ కాదండీ! ఒక్కరే! అప్పలనరసమ్మ ఒక్కరే రండి!"

అందరూ ముందుకి వచ్చారు. పంతులుగారు మీసాల ఆసామి కాలు తొక్కారు. నేనే అప్పలనరసమ్మనంటే నేనే అప్పలనరసమ్మనని అరుచుకున్నారు. పోలినాయుడు లేవలేదు. ఎవరెవరి నోట్లోంచో ఆ పేరు వస్తుంటే కళ్లు మూసుకుని వింటున్నాడు. కాపురమంతా తన ఇంట్లో ఒక్కసారీ వినపడని పేరు. ఇంత సులువా పలకడం, అనుకున్నాడు. ఎవడు పడితే వాడు పలికేస్తున్నాడు.

గుమాస్తా తెరమీద అన్నిటికంటే ముందు వచ్చిన బొమ్మని చూసి, దాని బట్టతల చూసి, హాల్లో బట్టతల కోసం వెతికాడు. బల్లమీద దొరికింది.

"ఏయ్! ముసలాయనా! నిన్నే!"

పోలినాయుడు కదల్లేదు.

గుమాస్తా కిటికీ వదిలి బయటికి వచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు. "ఏయ్ అంటుంటే వినపడ్డంలేదా? చెవుడా నీకు?"

పోలినాయుడు కళ్లు తెరిచాడు.

"గేదెనీ అలాగే పిలుస్తారు బాబూ," అన్నాడు. "ఎవరు రావాలో తెలీక ఆగాను."

గుమాస్తా బుర్ర గోక్కున్నాడు. చుట్టూ చూశాడు. ఉత్తర్వు గుర్తొచ్చినట్టుంది, గొంతు తగ్గించాడు.

"అప్పలనరసమ్మా," అన్నాడు.

పోలినాయుడు లేచి, తువ్వాలు చివరికి చేతులు తుడుచుకుంటూ వెళ్లాడు.